అసెంబ్లీలో మా పీహెచ్‌సీ గురించి అడిగితే ఒక్క లైన్ జవాబు వచ్చింది. ఇక ఇంతేనా?

కొట్టు ఎదురు పిల్లర్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం వైపు ఒక మండలం. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున్నే ఎవరో ఒకరు కొట్టు దగ్గరికి వచ్చి పంచాయితీ పెడతారు. నాకు బస్టాండు దగ్గర కిరాణా కొట్టు ఉంది, సిమెంట్ కూడా అమ్ముతాను. రోడ్డుకు అవతల మా పీహెచ్‌సీ కొత్త బిల్డింగు. బిల్డింగు అంటే పిల్లర్లు, లింటెల్ దాకా గోడలు, అంతే. నాలుగేళ్ల నుంచి అక్కడే ఆగిపోయింది. పైకి లేచిన ఊచలు తుప్పు పట్టాయి. వాన పడ్డప్పుడల్లా ఆ తుప్పునీళ్లు కారి గోడల మీద ఎర్రటి చారలు కట్టాయి. ఎండ ముదిరితే మేకలన్నీ అందులోకి చేరతాయి. పొద్దున షట్టర్ ఎత్తగానే నాకు మొదట కనిపించేది అదే.

ఆస్పత్రి ఇప్పుడు ఒక అద్దె ఇంట్లో నడుస్తోంది. ముందు గదిలో ఓపీ, వంటింట్లో మందులు. డాక్టరమ్మ రోజూ వస్తుంది, ఆవిడ మీద నాకు ఏ కంప్లైంటూ లేదు. కానీ కాన్పు చేయడానికి గది లేదు. పోయిన శ్రావణంలో మా చెల్లికి రాత్రి ఒంటిగంటకు నొప్పులు మొదలయ్యాయి. 108 వెంటనే వచ్చింది. మార్కాపురం దారిలో వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. ఇరవై నిమిషాలు బండి కదల్లేదు. తల్లీబిడ్డా క్షేమమే, దేవుడి దయ. ఆ ఇరవై నిమిషాలూ మా అమ్మ చెల్లి చెయ్యి పట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. అది మాత్రం నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

సరే, అసలు విషయం. మా ఎమ్మెల్యే గారు పోయిన సమావేశాల్లో ఈ బిల్డింగు గురించి ప్రశ్న వేశారు. ఊరి వాట్సాప్ గ్రూపులో కాగితం ఫోటో వచ్చింది. "(ఎ) పీహెచ్‌సీ భవన నిర్మాణం మధ్యలో నిలిచిపోయిన మాట వాస్తవమేనా, (బి) అయినట్లయితే త్వరగా పూర్తి చేస్తారా, (సి) లేనట్లయితే, దానికి కారణములేమి?" అని ప్రశ్న. కింద జవాబు: "(ఎ) అవునండి. (బి) నిధుల లభ్యతను బట్టి పూర్తి చేసే విషయం పరిశీలనలో ఉంది. (సి) ప్రశ్న ఉత్పన్నం కాదు."

అంతే. మూడు ముక్కలు. చదివిన రోజు కోపంతో కొట్టు గంట ముందే కట్టేశాను. ఈ జవాబు ఎవరు రాస్తారు? మంత్రి గారికి మా ఊరు ఎక్కడుందో తెలుసా? ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, మిగతా డబ్బు ఎక్కడుంది అన్నది ఎవరు అడగాలి, ఎలా అడగాలి? ఒకసారి అడిగేశారు కాబట్టి మళ్లీ అడగడం కుదరదని మా వార్డు మెంబరు అంటున్నాడు, నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి. ఈ పార్టీ ఆ పార్టీ అని మాత్రం దయచేసి మొదలుపెట్టొద్దు.

ఫైళ్లలో 31 ఏళ్లు

నాయనా, నీ పోస్టు నిన్న రాత్రి చదివాను. వెంటనే రాయబుద్ధి కాలేదు, నిదానంగా రాయాలనిపించింది. ఎందుకంటే నీకు వచ్చిన అలాంటి జవాబులు రాసిన చేతుల్లో నావీ ఉన్నాయి. జిల్లా స్థాయి ఇంజనీరింగ్ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. అందులో దాదాపు పద్దెనిమిదేళ్లు ఎల్ఏక్యూలు నా సీటులోనే ఉండేవి. ఎల్ఏక్యూ అంటే శాసనసభ ప్రశ్న, ఎల్‌సీక్యూ అంటే మండలి ప్రశ్న. ఆఫీసులో అందరూ అలాగే అంటారు.

మొదట నీ ప్రశ్న ఎన్ని చేతులు మారిందో చెప్తాను. ఎమ్మెల్యే గారు రాసిచ్చింది శాసనసభ సెక్రటేరియట్‌కు వెళ్తుంది. అక్కడ నిబంధనల ప్రకారం చూసి, అవసరమైతే భాష సరిచేసి, స్పీకర్ అనుమతించాక సంబంధిత శాఖకు పంపుతారు. అక్కడి నుంచి శాఖాధిపతికి, తర్వాత జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి. మండలంలో ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గానీ మెడికల్ ఆఫీసరు గానీ ఫోనులోనే రెండు ముక్కలు చెప్తారు. ఆ రెండు ముక్కలు మళ్లీ అదే మెట్లెక్కి పైకి పోతాయి. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో మాట రాలిపోతుంది. "కాంట్రాక్టరుకు రెండో బిల్లు రాలేదు కాబట్టి వదిలేశాడు" అని కింద చెప్పింది పైకి చేరేసరికి "నిధుల లభ్యతను బట్టి" అవుతుంది. అబద్ధం కాదు. కానీ అందులో నీ ఊరు ఉండదు.

ఎల్ఏక్యూ వచ్చిందంటే ఆ రోజు ఇంటికి వెళ్లే మాటే లేదు. మా రోజుల్లో ఫ్యాక్స్‌లో వచ్చేది, తర్వాత మెయిల్, తర్వాత వాట్సాప్. పైన "మోస్ట్ అర్జెంట్" అని ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి వచ్చి రాత్రి ఎనిమిదికల్లా జవాబు కావాలనేవాళ్లు. జవాబు ఒక పేజీ. దాని వెనక "సప్లిమెంటరీల నోట్" అని ఇంకొకటి తయారు చేస్తాం. అది ఐదారు పేజీలు ఉంటుంది. జవాబు విన్నాక సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న వేస్తే మంత్రి గారు తడబడకూడదు కదా, అందుకు. ఏ జీవో, ఎంత అంచనా, ఎంత ఖర్చు, ఎందుకు ఆగింది, అన్నీ ఆ నోట్‌లోనే ఉంటాయి. ఇక్కడే ఉంది అసలు సంగతి. నీకు కావలసిన సమాచారం ఆ రోజు మంత్రి గారి చేతిలో ఉండే ఉంటుంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఫైల్లోనే ఉండిపోయి ఉంటుంది.

ఒక సంగతి చెప్తాను. ఇన్నేళ్లలో ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒకసారి తాగునీటి బోర్ల మీద ప్రశ్న వచ్చింది. నియోజకవర్గంలో ఎన్ని బోర్లున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి అని. రాత్రి పదింటి దాకా ఏఈలకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. ఒక మండలం ఏఈ ఫోన్ ఎత్తలేదు. పైనుంచి తొందర. ఆ మండలానికి కిందటేడు అంకెనే వేసేశాను. అన్నీ పనిచేస్తున్నాయని ఉంది అందులో. మర్నాడు సభలో మంత్రి గారు అదే చదివారు. ఆ ఎమ్మెల్యే లేచి, జేబులోంచి బడిపిల్లల నోటుబుక్కులో చింపిన కాగితం తీశారు. ఒకే ఒక్క ఊళ్లో ఆరు బోర్ల పేర్లు చదివారు. రామాలయం బోరు, బడి బోరు, చింతచెట్టు బోరు, కొత్త కాలనీ బోరు, మసీదు బోరు, చెరువుగట్టు బోరు. "వీటిలో నాలుగింటికి హ్యాండిల్ కూడా లేదధ్యక్షా, కావాలంటే రేపే అధికారిని పంపండి" అన్నారు. ఆ కాగితం రాసిచ్చింది ఆ ఊరి సర్పంచ్ అని తర్వాత తెలిసింది. అధికారుల గ్యాలరీలో మా పై ఆఫీసరు చీటీ రాయడానికి పెన్ను తీశారట, రాయడానికి ఏమీ లేదు. మంత్రి గారు విచారణ చేయిస్తానని మాట ఇచ్చారు. వారంలో టీము వచ్చింది. నాలుగు బోర్లూ బాగయ్యాయి. నాకు మెమో వచ్చింది. రావాల్సిందే. అంకె వేసింది నేను. ఆ ఊళ్లో ఎండాకాలమంతా బిందెలు పట్టుకుని నడిచింది ఎవరో నాకు తెలియదు. ఆ ఆరు పేర్లు మాత్రం ఇప్పటికీ వరుసగా చెప్పగలను.

ఇప్పుడు నీ ప్రశ్న విషయం. "వాస్తవమేనా" అంటే "అవునండి" వస్తుంది. "త్వరగా పూర్తి చేస్తారా" అంటే "పరిశీలనలో ఉంది" వస్తుంది. ఆ ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు నేనైనా రాయలేను, అడిగిందే అంత. అంకె అడిగితే అంకె రాయాల్సి వస్తుంది. పాలనా అనుమతి ఏ జీవోలో ఇచ్చారు, ఎంతకు? ఎం.బుక్‌లో, అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకంలో, ఎంత పని నమోదైంది? ఎన్ని బిల్లులు పెట్టారు, ఎన్ని చెల్లించారు? ఏ తేదీ నుంచి పని ఆగింది? ఈ నాలుగూ అడిగితే తప్పించుకోవడానికి సందు ఉండదు. తప్పు అంకె రాస్తే సభను తప్పుదోవ పట్టించినట్టు అవుతుంది, హక్కుల ఉల్లంఘన దాకా పోవచ్చు. ఆ భయం కింద సీటు దాకా ఉంటుంది, నమ్ము.

మళ్లీ అడగకూడదని మీ వార్డు మెంబరు అన్నది సగమే నిజం. అదే ప్రశ్న అదే మాటలతో వెంటనే వేస్తే తీసుకోకపోవచ్చు. అంకెలు అడిగితే అది వేరే ప్రశ్న. ఇంకొకటి. "పరిశీలనలో ఉంది" అన్న మాటను తేలిగ్గా తీసుకోకు. సభలో మంత్రి ఇచ్చిన మాటలు నెరవేరాయో లేదో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంటుంది. ఆ జవాబు తేదీ, ప్రశ్న నంబరు రాసి పెట్టుకో. ఎమ్మెల్యే గారు ఆ కమిటీకి రాస్తే శాఖ నుంచి మళ్లీ జవాబు రావాలి.

ఇవన్నీ ఎమ్మెల్యే గారికి నోటితో చెప్తే సరిపోదు. రోజుకు వంద మంది వస్తారు ఆయన దగ్గరికి. కాగితం మీద పెట్టి ఇవ్వు. ఆ సర్పంచ్ ఇచ్చినట్టు.

నార్త్ అవెన్యూ మెట్లు

పెద్దాయన రాసింది రెండుసార్లు చదివాను. బోర్ల పేర్ల దగ్గర కళ్లు చెమర్చాయి.

నేను ఢిల్లీలో ఒక ఎంపీ దగ్గర పీఆర్ఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ల ల్యాంప్ ఫెలోగా, అంటే ఎంపీకి సభ పనుల్లో సహాయకుడిగా ఏడాది, తర్వాత ఇంకో మూడేళ్లు పనిచేశాను. రోజూ చేసిన పని ప్రశ్నలు తయారుచేయడమే. తమ్ముడూ, మీ పీహెచ్‌సీ గురించి పార్లమెంటులో కూడా అడగొచ్చు. కాకపోతే ఒక మెలిక ఉంది. నేరుగా "ఫలానా ఊళ్లో ఆస్పత్రి ఎందుకు ఆగింది" అని అడిగితే జవాబు మొదటి లైనే ఇలా ఉంటుంది: "ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్రాల పరిధిలోని అంశాలు." అక్కడితో తలుపు మూసుకుంటుంది. కాబట్టి కేంద్రం డబ్బు ఎక్కడ కలిసిందో అక్కడ పట్టుకోవాలి. జాతీయ ఆరోగ్య మిషన్‌లో మన రెండు రాష్ట్రాలకూ కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. అది కాక 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 2021-26 కాలానికి 70,051 కోట్లు సిఫారసు చేసింది. సొంత భవనాలు లేని సబ్‌సెంటర్లు, పీహెచ్‌సీల కట్టడాలు కూడా అందులో ఉన్నాయి. మీ బిల్డింగుకు ఏ పద్దు కింద డబ్బు వచ్చిందో ముందు తెలుసుకోండి. కేంద్రం పైసా ఒక్కటి కలిసినా మీ ఎంపీ అడగొచ్చు: జిల్లాలవారీగా ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, వినియోగ పత్రాలు (డబ్బు ఖర్చు చేశామని ఇచ్చే ధ్రువీకరణలు) వచ్చాయా అని. జిల్లాలవారీ పట్టిక అనుబంధంగా ఇస్తే మీ జిల్లా వరుస కళ్లముందు ఉంటుంది.

పద్ధతి చెప్తాను. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్. స్టార్డ్ అంటే సభలో నోటితో జవాబు, దాని మీద అనుబంధ ప్రశ్నలు. అన్‌స్టార్డ్ అంటే రాతలో మాత్రమే. ఏది ఆ జాబితాలోకి వస్తుందో లాటరీ తేలుస్తుంది. 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, 150 మాటలు దాటకూడదు. లాటరీలో ఎవరి అదృష్టం వాళ్లది కాబట్టి మేము ఒకే అంశాన్ని ఇద్దరు ముగ్గురు ఎంపీల పేర్ల మీద పెట్టించే ప్రయత్నం చేసేవాళ్లం. రాత్రి పూట ఆ లిస్టు వచ్చేదాకా ఆఫీసులో టెన్షనే. మా ప్రశ్న మొదటి ఐదులో ఉంటే పండగ. ఎందుకంటే గంటలో 20కి 20 ఎప్పుడూ రావు. ఐదో ఆరో వచ్చేసరికి పన్నెండు కొట్టేస్తుంది.

అన్‌స్టార్డ్‌ను తక్కువగా చూడకండి. నా అనుభవంలో పనికొచ్చే అంకెలన్నీ అక్కడే దొరికాయి. లోక్‌సభ జవాబులు సంసద్ వెబ్‌సైట్లో ఎవరైనా వెతుక్కోవచ్చు. మీ జిల్లా పేరు కొట్టి చూడండి. మీ బాధ ఇంతకు ముందే ఎవరో అడిగి ఉండొచ్చు, జవాబు మీ కోసం అక్కడ కూర్చుని ఉండొచ్చు. కానీ రాత జవాబు ఒక్కటే చాలదని 2020 సెప్టెంబరులో తెలిసింది. కోవిడ్ వల్ల ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంట తీసేశారు. అన్‌స్టార్డ్ జవాబులు వచ్చాయి, కానీ "మరి ఈ అంకె ఎందుకు తగ్గింది మంత్రి గారూ" అని ఎదురుగా నిలబడి అడిగే వీలు లేకుండా పోయింది. వలస కూలీల మీద అంకెలు అడగాల్సిన సమయం అది. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "మీ ప్రశ్న వేయిస్తాను, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా మధ్యవర్తి వస్తే అక్కడే ఆపేయండి. 2005 డిసెంబరులో ప్రశ్నలకు డబ్బు తీసుకున్నందుకు 11 మంది ఎంపీలను పార్లమెంటు నుంచి బహిష్కరించారు. ప్రశ్న వేయించుకోవడానికి పైసా ఇవ్వక్కర్లేదు. అది మన హక్కు.

ముసి ఒడ్డు

ఇవన్నీ చదవడానికి బాగున్నాయి. కానీ సభ నడిస్తే కదా ఈ ప్రశ్నలూ అనుబంధ ప్రశ్నలూ! పొద్దున్నే మొదలు, స్పీకర్ పోడియం దగ్గరికి పోవడం, నినాదాలు, వాయిదా. పదేళ్లుగా టీవీలో చూస్తున్నది ఇదే. మా ఊళ్లో సీసీ రోడ్డు కోసం మేమూ ఎమ్మెల్యే చుట్టూ తిరిగాం. చివరికి సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇస్తే పనైంది. ఈ అబ్బాయిని అసెంబ్లీ చుట్టూ తిప్పకండి. పీజీఆర్ఎస్‌లో (కలెక్టరేట్లో సోమవారం అర్జీలు తీసుకునేది) అర్జీ, ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు), ఈ రెండూ చాలు.

ఫైళ్లలో 31 ఏళ్లు

మీ కోపం న్యాయమే. సభ గొడవలో కొట్టుకుపోతే ఏమవుతుందో చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. ప్రశ్నోత్తరాలు జరగకపోతే ఆ రోజు జవాబులన్నీ సభ ముందు ఉంచినట్టుగా, చెప్పినట్టుగానే లెక్క కడతారు. అంటే సప్లిమెంటరీ ఉండదు. మేము రాత్రంతా కూర్చుని తయారుచేసిన నోట్ విప్పే పనే ఉండదు. గొడవ జరిగిన రోజు మా ఆఫీసులో "హమ్మయ్య" అనుకున్నవాళ్లను చూశాను. ప్రశ్న అడిగిన ఎమ్మెల్యే కూడా ఆ గొడవలోనే ఉంటాడు, ఆయన ప్రశ్న అలా మునిగిపోతుంది. నాకు అది చాలా బాధగా ఉండేది. ఎవరు ఏ పార్టీ అయినా సరే, ఆ ఒక్క గంట మాత్రం జనానికి వదిలేయాలి.

ఆర్టీఐ మాట మాత్రం మీరు సరిగ్గా చెప్పారు. నేను అసెంబ్లీ బదులు ఆర్టీఐ అనను, అసెంబ్లీకి ముందు ఆర్టీఐ అంటాను. నాయనా, మన రాష్ట్రంలో మండల స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎం.బుక్ నకలు అడుగు. జరిగిన పనిని తనిఖీ చేసే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది. ఆ కాగితాలు చేతిలో ఉంటే ఎమ్మెల్యే గారు లేచి నిలబడినప్పుడు మంత్రి గారి నోట్‌లో ఉన్నదే ఆయన చేతిలోనూ ఉంటుంది.

గోదారి గట్టు ఆడిటర్

నాది ఒక్క చిన్న ముక్క. ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసు వైపు, అంటే ప్రభుత్వ లెక్కల ఆడిట్‌లో పనిచేసినవాణ్ని. పైన అందరూ చెప్పింది డబ్బు ఖర్చవుతున్నప్పుడు అడగడం గురించి. ఖర్చయిపోయాక అడిగేది సభలోని ప్రజా పద్దుల కమిటీ, పీఏసీ అంటారు. కాగ్ (ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే రాజ్యాంగ అధికారి) నివేదికలు రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం గవర్నర్ ద్వారా సభ ముందుకు వస్తాయి. అక్కడి నుంచి పీఏసీకి. కార్యదర్శి స్థాయి అధికారులను పిలిచి కూర్చోబెట్టి, ఏ పద్దులో మిగిలింది, ఏ పద్దులో దాటింది, ఎందుకు అని అడుగుతారు. అక్కడ కెమెరాలు ఉండవు కాబట్టి నినాదాలు తక్కువ, కాగితాలు ఎక్కువ. ఈ పీఏసీ కుర్చీకి ఎంత బరువు ఉందంటే, 2019 నుంచి 2024 దాకా ఏపీలో పీఏసీ ఛైర్మన్‌గా ఉండి లెక్కలు అడిగిన పయ్యావుల కేశవ్ గారు ఇప్పుడు ఆర్థిక మంత్రిగా జవాబులు చెప్పే వైపు కూర్చున్నారు. ఇక దేశానికి కాగ్‌గా 2024 నవంబరు నుంచి ఉన్నది మన తెలుగాయన కె. సంజయ్ మూర్తి గారు.

అయితే బాబూ, ఆడిట్ మీ ఒక్క బిల్డింగును చూస్తుందని ఆశ పెట్టుకోకు. మేము కొన్ని జిల్లాలు, వాటిలో కొన్ని ఆస్పత్రులు శాంపిల్‌గా తీసుకుంటాం. మీది అందులో పడితే పడుతుంది. కానీ "అసంపూర్తి పనులు" అన్న పట్టికను ఆ నివేదికల్లో వెతుకు. మీ పని అందులో ఉంటే ఎమ్మెల్యే గారికి అంతకన్నా గట్టి కాగితం లేదు.

ప్రశ్నలతో ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు 1957 గుర్తుచేస్తాను. ఎల్ఐసీ డబ్బు దాదాపు కోటీ పాతిక లక్షలు ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో పెట్టారని ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో నిలదీశారు. ఆయన అధికార పార్టీ సభ్యుడు, ప్రధాని అల్లుడు. చాగ్లా కమిషన్ వేశారు, బహిరంగ విచారణ జరిగింది, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అధికార పార్టీ ఎమ్మెల్యే అయితే అడగలేడు అనుకోవద్దు.

కొట్టు ఎదురు పిల్లర్లు

అందరికీ దండాలు. ఆలస్యంగా వస్తున్నాను, ఏడు వారాలైంది. ఖాళీగా మాత్రం లేను.

ఆర్టీఐ పెట్టాను. 27వ రోజు జవాబు వచ్చింది. జీవో నంబరు దొరికింది. ఎం.బుక్ నకలు ఇచ్చారు. లింటెల్ లెవల్ దాకా పని నమోదైంది. కాంట్రాక్టరు రెండు బిల్లులు పెట్టాడు, మొదటిది వచ్చింది, రెండోది రాలేదు. పెద్దాయన అన్నట్టే ఉంది, అచ్చంగా అలాగే. ఇంకొకటి నేను అడగకుండానే బయటపడింది. అద్దె ఇంటికి నెలకు 9,000 కడుతున్నారు, నాలుగేళ్ల నుంచి. కొట్టులో క్యాలిక్యులేటర్ మీద లెక్క వేశాను, 4,32,000 అయింది. ఆ డబ్బుతో ఎన్ని బస్తాల సిమెంట్ వచ్చేదో నాకు వేరే చెప్పక్కర్లేదు, నేను అమ్మేదే అది.

ఆ కాగితాలన్నీ పట్టుకుని ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసుకు వెళ్లాను. మా చెల్లి కూడా వచ్చింది, చంటిదాన్ని ఎత్తుకుని. రెండు గంటలు కూర్చున్నాం. ఆయన కాగితాలు తిరగేసి, అద్దె లెక్క దగ్గర ఆగి, పీఏను పిలిచి "ఇది రాసుకో" అన్నారు. తర్వాత "ప్రశ్న నువ్వే రాసి తీసుకురా, వచ్చే సమావేశాల్లో వేద్దాం" అన్నారు. ఊరికే అన్నారో మనస్ఫూర్తిగా అన్నారో నేను చెప్పలేను. నేనైతే రాశాను. సార్, ఇది కొంచెం దిద్దిపెట్టండి:

"(ఎ) ప్రభుత్వ నిర్లక్ష్యం వల్ల మా మండల పీహెచ్‌సీ కొత్త భవనం ఆగిపోయిన మాట వాస్తవమేనా, (బి) ఆ భవనానికి ఏ జీవో ద్వారా, ఎంత మొత్తానికి పాలనా అనుమతి ఇచ్చారు, (సి) ఇప్పటివరకు నమోదైన పని విలువ ఎంత, చెల్లించినది ఎంత, చెల్లించాల్సినది ఎంత, (డి) అద్దె భవనానికి ఇప్పటివరకు ఎంత ఖర్చు చేశారు, (ఇ) త్వరగా పూర్తి చేస్తారా?"

ఫైళ్లలో 31 ఏళ్లు

నాయనా, చదివి చాలా సంతోషించాను. మీ చెల్లిని తీసుకెళ్లడం మంచి పని చేశావు.

(ఎ) మొత్తం తీసెయ్. "నిర్లక్ష్యం" అన్న మాట ఉంటే అది ఆరోపణ అవుతుంది, ప్రశ్నలో ఆరోపణలూ వాదనలూ ఉండకూడదు. అక్కడే పక్కన పెట్టేస్తారు. దాని బదులు "పని ఏ తేదీ నుంచి నిలిచిపోయింది, కారణమేమి" అని పెట్టు. (బి), (సి) బాగున్నాయి, ముట్టుకోకు. (డి)లో "ఏ నెల నుంచి" అని కలుపు. ఇక (ఇ)లో "త్వరగా" కొట్టెయ్. ఆ మాట ఉన్నంతకాలం నాలాంటివాడు "అవునండి, పరిశీలనలో ఉంది" అని రాసి పంపేస్తాడు. "రెండో బిల్లును ఏ తేదీలోగా చెల్లిస్తారు, భవనాన్ని ఏ నెలలోగా అప్పగిస్తారు" అని రాయి.

ఇంకొక కాగితం వేరేగా రాసి ఎమ్మెల్యే గారి జేబులో పెట్టు. దాని మీద వాగు పేరు, ఆ రాత్రి తేదీ, ఇరవై నిమిషాలు. అది ప్రశ్నలో పట్టదు, సప్లిమెంటరీలో పడుతుంది.